ఎదుటివాడు లేని జూదం: వీడియో పోకర్ పరిణామంలో ‘నైపుణ్యం’ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
భారతీయ సాహిత్యం చిత్రించిన జూదంలో ఎదుటివాడు, సభ, పణం అనే మూడు అంగాలు ప్రధానంగా కనిపిస్తాయి. అమెరికాలో పుట్టి పెరిగిన వీడియో పోకర్ అనే యంత్రజూదం ఈ మూడింటినీ క్రమంగా తొలగించుకుంటూ వచ్చింది. ఆటగాడి ‘నైపుణ్యం’ అనే భావనను మాత్రం విడిచిపెట్టలేదు. 1891 నాటి పీపాల యంత్రం మొదలుకొని నేటి బహుహస్త యంత్రాల వరకు సాగిన ఈ పరిణామాన్ని చెల్లింపుల పట్టికల ఆధారంగా పరిశీలించడం, ఈ విషయంపై వచ్చిన ప్రధాన గ్రంథమైన నటాషా డౌ షుల్ రచన ‘అడిక్షన్ బై డిజైన్’ బలాన్నీ పరిమితినీ అంచనా వేయడం, నైపుణ్యమనే భావన తెలుగు రాష్ట్రాల న్యాయచరిత్రతో ముడిపడిన తీరును చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జూదం, వీడియో పోకర్, నైపుణ్యం, దైవం–పురుషకారం, వ్యసనం, అక్షహృదయం, యంత్రమండలం.

1. ఉపోద్ఘాతం:

జూదం తెలుగు సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. నన్నయ సభాపర్వంలో ద్యూతం కథాగమనాన్నే మలుపు తిప్పిన ఘట్టం. అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో జూదం వల్ల కలిగిన పతనం చివరికి జూదంతోనే చక్కబడుతుంది. గురజాడ కన్యాశుల్కంలో మధురవాణి ఇంట సాగే పేకాట ఊరి పెద్దమనుషుల నైజాన్ని ఆరబోసిన రంగం. కాలం, ప్రక్రియ, దృక్పథం వేరైనా ఈ మూడింటికీ ఒక సామ్యం ఉంది. ఆడేవాడి ఎదుట మరొక మనిషి ఉంటాడు. చూసేవాళ్లు ఉంటారు. ఒడ్డిన వస్తువు కళ్లముందు ఉంటుంది. శకుని లేని ద్యూతాన్ని, పుష్కరుడు లేని నలుని ఓటమిని ఊహించలేం. తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా అనే అర్థంలో ద్రౌపది సంధించిన ధర్మసందేహానికి సభ ఉన్నందువల్లనే విలువ వచ్చింది. అడగడానికి సభే లేకపోతే అది ప్రశ్న కాదు, రోదన మాత్రమే.

ఈ సంప్రదాయానికి ముందే, దీనికి భిన్నంగా నిలిచిన రచన ఒకటుంది. అది ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తం, అక్షసూక్తం. అందులో జూదరి ప్రత్యర్థిని నిందించడు. అతని భార్య, అత్త, అప్పులవాళ్లు కనిపిస్తారు గాని ఎదుట కూర్చుని ఆడినవాడి రూపం దాదాపు కనిపించదు. పాచికలే కర్తలు, పిలిచేవి, లాగేవి, కాల్చేవి అవే. మనిషికి, వస్తువుకు మధ్య మాత్రమే నడిచే జూదాన్ని ఇంత పూర్వం ఊహించిన ఈ సూక్తం వీడియో పోకర్ చర్చకు భారతం కంటే దగ్గరిది. విమర్శకుల దృష్టి దీని నీతిబోధ మీద నిలిచినంతగా ఈ కర్తృత్వవ్యత్యయం మీద నిలవలేదు.

వీడియో పోకర్ స్వరూపం సరళమైనది. నాణేనికో మీటకో బదులుగా తెర మీద అయిదు పేకముక్కలు పడతాయి. ఆటగాడు వాటిలో తనకు కావలసినవి ఉంచుకుని మిగిలినవి వదులుతాడు. వదిలినవాటి స్థానంలో కొత్త ముక్కలు వస్తాయి. చివరికి ఏర్పడిన కూర్పుకు యంత్రం మీద అచ్చువేసిన పట్టిక ప్రకారం చెల్లింపు జరుగుతుంది. పోకర్ అనే పేరున్నా పోకర్‌కు ప్రాణమైన పందెం పెంచడం, ఎదుటివాణ్ని బెదిరించడం, ముఖం దాచుకోవడం ఇందులో లేవు. మిగిలింది ఉంచడం, వదలడం మాత్రమే. ఈ మిగులే ఈ వ్యాసానికి కేంద్రం.

2. పీపాల నుంచి తెర దాకా:

1891లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో సిట్‌మన్ అండ్ పిట్ అనే సంస్థ తయారుచేసిన యంత్రం ఈ వంశానికి మూలపురుషుడు. దానిలో అయిదు పీపాలు, ఒక్కొక్కదానిపై పది ముక్కలు, మొత్తం 50 ముక్కలు. మీట లాగితే పీపాలు తిరిగి ఆగుతాయి. గెలిచిన కూర్పుకు యంత్రం డబ్బివ్వదు; ఆ దుకాణదారు సారానో చుట్టనో ఇస్తాడు. అంటే సభ ఇంకా ఉంది, ఇచ్చే చేయి ఇంకా మనిషిదే. అయితే 52కు బదులు 50 ముక్కలే ఉండడంలో ఈ వంశలక్షణం అప్పుడే తొంగిచూసింది. సాధారణంగా తీసివేసినవి ఇస్పేటు పది, ఆఠీను జాకీ. నాలుగు రంగులలో రెండు రంగుల రాయల్ ఫ్లష్ దీనితో అసంభవమైపోయింది. ఆటగాడి కంటికి పేక పేకలాగే ఉంది; ఫలితం మాత్రం సగమైంది. శకుని పాచికల గురించి శతాబ్దాలుగా చెప్పుకుంటున్న అనుమానం ఇక్కడ ఇనుములో పోతపోసుకుంది. తేడా ఒక్కటే, ఇక్కడ నిలదీయడానికి శకుని లేడు.

అయిదు పీపాల మీద పుట్టే కూర్పులు అసంఖ్యాకం కావడంతో యంత్రమే చెల్లించే ఏర్పాటు ఆనాటి సాంకేతికతకు సాధ్యం కాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే 19వ శతాబ్దం చివరలో ‘లిబర్టీ బెల్’ యంత్రంతో ఈ చిక్కును వేరే దారిలో విప్పాడు. పీపాలను మూడుకు తగ్గించాడు, ముక్కల బదులు కొద్దిపాటి గుర్తులు పెట్టాడు, చెల్లింపును యంత్రానికే అప్పగించాడు. స్లాట్ యంత్రాల చరిత్ర అలా మొదలైంది. పేక పక్కకు తప్పుకుంది.

దాదాపు ఎనభై ఏళ్ల తరువాత దాన్ని తిరిగి తెచ్చింది సూక్ష్మ ఎలక్ట్రానిక్స్. 1970ల నడిమిలో టెలివిజన్ తెరకు గణనయంత్రాన్ని జోడించడం చౌక అయింది. 1979లో సై రెడ్ అనే వ్యాపారి నడిపిన సిర్కోమా సంస్థ ‘డ్రా పోకర్’ యంత్రాన్ని నెవాడాలో ప్రవేశపెట్టింది. ఆ సంస్థే తరువాత ఇంటర్నేషనల్ గేమ్ టెక్నాలజీగా పేరు మార్చుకుని ఈ రంగాన్ని ఏలింది. తొలి యంత్రాలలో రెండు జతలకు తక్కువైన కూర్పుకు ఏమీ వచ్చేది కాదు. జాకీ మొదలుకొని పై ముక్కల జత ఒక్కటి వచ్చినా పెట్టిన పందెం తిరిగి ఇచ్చేయడం అనే చిన్న మార్పుతో ఆట దశ తిరిగింది. ‘జాక్స్ ఆర్ బెటర్’ అన్న పేరు ఆ మార్పుదే. 1980లలో బల్లల దగ్గర కూర్చోవడానికి బెరుకుపడే సామాన్యులకు ఈ యంత్రాలు నచ్చాయి. కొత్తగా ఆడేవాడు తడబడితే నవ్వేవారు లేరు, తొందరపెట్టేవారు లేరు. సభ లేకపోవడం ఇక్కడ ఆకర్షణగా మారింది.

పణం కరిగిపోయిన తీరు మరింత మెల్లగా జరిగింది. మొదట నాణేలు. ఆపైన తెర మీద జమఅంకె. తరువాత నోటును మింగే ద్వారం. 2000 తరువాత నాణేల బదులు అచ్చుకాగితం. ధర్మరాజు ఒడ్డినవాటికి పేర్లున్నాయి, రూపాలున్నాయి. యంత్రం ముందు కూర్చున్నవాడు ఒడ్డేది ఒక సంఖ్య. అది డాలర్లలో కూడా కాక ‘క్రెడిట్ల’లో కనబడుతుంది.

3. పట్టిక చెప్పే కథ:

వీడియో పోకర్‌కు ఇతర యంత్రజూదాలకు లేని ఒక గుణం ఉంది. నెవాడా నియమాల ప్రకారం నిజమైన పేకను తెరపై చూపే యంత్రంలో ప్రతి ముక్క పడే అవకాశం నిజమైన పేకలో ఉన్నంతే ఉండాలి. స్లాట్ యంత్రాలకు ఇది వర్తించే తీరు వేరు. 1984లో ఇంగే టెల్నెస్ పొందిన పేటెంటుతో కంటికి కనిపించే చక్రానికీ లోపల లెక్క కట్టే చక్రానికీ సంబంధం తెగిపోయింది. స్లాట్ యంత్రాన్ని ఎంతసేపు చూసినా దాని వాటా ఎంతో తెలియదు. వీడియో పోకర్‌లో అలా కాదు. 52 ముక్కల నుంచి 25,98,960 అయిదు ముక్కల కూర్పులు వస్తాయి. ప్రతి కూర్పునూ 32 విధాలుగా ఉంచుకోవచ్చు. కాబట్టి పట్టిక తెలిస్తే ఆట విలువ లెక్కకు అందుతుంది. యంత్రం తన రహస్యాన్ని నుదుటి మీద రాసుకుని నిలబడుతుంది. సాహిత్యవిద్యార్థి భాషలో చెప్పాలంటే ఇది చదవదగిన పాఠం.

ఆ పాఠాన్ని చదివితే తేలేది ఇది. ఫుల్ హౌస్‌కు 9, ఫ్లష్‌కు 6 చెల్లించే జాక్స్ ఆర్ బెటర్ పట్టికలో తప్పు లేకుండా ఆడితే దీర్ఘకాలంలో నూటికి 99.54 వంతు తిరిగి వస్తుంది. ఆ రెండు అంకెలను 8, 5కు దించితే 97.30. 6, 5కు దించితే 95. యంత్రం అదే, పేక అదే, మీటలు అవే, ఆటగాడి అనుభవం కూడా అదే. మారినవి రెండు అంకెలు. గంటకు 600 ఆటలు, ఆటకు 1.25 డాలర్ల చొప్పున ఆడితే గంటకు 750 డాలర్లు తిరుగుతాయి. మొదటి పట్టికలో సగటు నష్టం మూడున్నర డాలర్ల లోపే, చివరిదానిలో 37.50. దాదాపు పదకొండు రెట్ల ఈ తేడాను ఆటగాడి చేతివేళ్లు గుర్తించలేవు. కళ్లు గుర్తించగలవు, కాని చదవడం తెలియాలి.

మేలైన పట్టికలో కూడా ఒక మెలిక ఉంది. ఒక్కో నాణేనికి 800 చెల్లించే రాయల్ ఫ్లష్ సుమారు 40,000 ఆటలకు ఒకసారి వస్తుంది. 99.54లో దాదాపు రెండు వంతులు దాని వాటానే. గంటకు 600 ఆటలు ఆడేవాడికి అది సగటున 67 గంటలకు ఒకసారి ఎదురయ్యే సంఘటన. అది రాని రోజులన్నీ అతడు 97.5 శాతపు ఆటనే ఆడుతున్నాడు. పైగా నూరు ఆటలలో సుమారు 45 ఆటలకు ఏదో ఒక చెల్లింపు ఉంటుంది. వాటిలో 21 మాత్రం ఒడ్డినదాన్ని ఒడ్డినంత తిరిగి ఇచ్చే జాకీ తరగతి జతలు. గెలిచినట్టు ధ్వనిస్తాయి గాని చేతికి అదనంగా ఏమీ రాదు. ‘ఆట దశ తిరిగింది’ అని పైన చెప్పిన మార్పు చేసిన పని ఇదే. ఓటమిని తగ్గించడం కంటే ఓటమికి పట్టే సమయాన్ని పొడిగించింది.

నైపుణ్యం ఎక్కడుంది? ఒక ఉదాహరణ చూడవచ్చు. ఆటగాడికి ఆఠీను రాజు, రాణి, జాకీ, పది, మూడు పడ్డాయి. అయిదూ ఒకే రంగు కనుక ఫ్లష్ ఇప్పటికే చేతిలో ఉంది, దాని విలువ 6. మూడును వదిలేస్తే మిగిలిన 47 ముక్కలలో ఆఠీను ఆసు వస్తే 800, ఆఠీను తొమ్మిది వస్తే 50. మరో ఆరు ఆఠీన్లకు ఫ్లష్ తిరిగి ఏర్పడుతుంది. వేరే రంగుల ఆసు, తొమ్మిది కలిపి ఆరు ముక్కలకు వరుస ఏర్పడి 4 చొప్పున వస్తుంది. రాజు, రాణి, జాకీలలో తొమ్మిది ముక్కలకు జత ఏర్పడి 1 చొప్పున వస్తుంది. మొత్తం 919ని 47తో భాగిస్తే 19.55. కాబట్టి చేతిలోని 6ను వదలడమే సరైన ఆట. అయితే ఆ 47లో 24 ముక్కలు ఏమీ ఇవ్వవు. సగానికి పైగా సార్లు ‘సరిగా’ ఆడినవాడు ఉన్నదాన్ని పోగొట్టుకుంటాడు. చేతిలో ఉన్నదాన్ని వదలకూడదన్న లోకజ్ఞానానికి విరుద్ధమైన ఈ తెగువే ఈ ఆటలోని నైపుణ్యం. కాని ఇది ఎదుటివాడి మనసు చదివే నైపుణ్యం కాదు. జవాబు ముందే ఉన్న లెక్క. ఎన్నిసార్లు వచ్చినా అదే జవాబు.

ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కించి నలునికి అక్షహృదయాన్ని ఉపదేశించిన ఘట్టాన్ని సంభావ్యతాశాస్త్ర చరిత్రకారుడు ఇయన్ హ్యాకింగ్ కూడా ప్రస్తావించాడు. జూదానికి ఒక ‘హృదయం’ ఉందని, అది సంఖ్యాశాస్త్రమని, నేర్చుకుంటే వస్తుందని ఆ కథ చెబుతుంది. వీడియో పోకర్‌లో ఈ అక్షహృదయం అంగట్లోకి వచ్చింది. 1980ల చివర నుంచి స్టాన్‌ఫోర్డ్ వాంగ్, లెనీ ఫ్రోమ్, బాబ్ డాన్సర్ వంటివారి పుస్తకాలు, పట్టికలు, అభ్యాస సాఫ్ట్‌వేర్ వెలువడ్డాయి. నలుడు ఆ విద్యతో తిరిగి వెళ్లి పుష్కరుణ్ని ఓడించాడు. వీడియో పోకర్ నేర్చినవాడు ఓడించడానికి పుష్కరుడెవరు? యజమాని పట్టికలో ఒక అంకె మార్చితే విద్య మొత్తం నష్టాన్ని తగ్గించే విద్యగా దిగిపోతుంది.

ఆ మార్పులు వచ్చిన క్రమం కూడా గమనించదగినది. రెండును సర్వముక్కగా భావించే ‘డ్యూసెస్ వైల్డ్’ ఆటకు ఉన్న ఒక పట్టిక 100.76 శాతం ఇచ్చేది. తప్పు లేకుండా ఆడినవాడికి యంత్రమే బాకీ. యజమానులు దాన్ని ఉంచిన కారణం దానధర్మం కాదు. తప్పు లేకుండా ఆడేవాళ్లు తక్కువ, ఆడగలమనుకునేవాళ్లు ఎక్కువ. తరువాత వచ్చిన బోనస్ తరగతి ఆటలు వేరే మార్గం పట్టాయి. జాక్స్ ఆర్ బెటర్‌లో రెండు జతలకు 2 వస్తుంది. డబుల్ బోనస్, డబుల్ డబుల్ బోనస్ ఆటలలో అది 1. నూరింట పదమూడు సార్లు వచ్చే చెల్లింపును సగం చేసి, ఆ మిగులును నాలుగు ఆసుల వంటి అరుదైన కూర్పులకు తరలించారు. డబుల్ డబుల్‌లో నాలుగు ఆసులకు తోడు రెండో మూడో నాలుగో పడితే 400. నిత్యావసరాన్ని తగ్గించి పండుగను పెంచడం అనవచ్చు. ఆట ఒడిదుడుకులు పెరిగాయి, ఓటమి వేగం పెరిగింది. ఈ ఆటలకే ఆదరణ కూడా పెరిగింది. నైపుణ్యం పేరిట మొదలైన ఆట క్రమంగా ఆశ వైపు ఒరిగిందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

1990ల చివర ఎర్నీ మూడీ రూపొందించిన ‘ట్రిపుల్ ప్లే’ మరొక మలుపు. ఒక్క నిర్ణయం, మూడు వేర్వేరు పేకల నుంచి మూడు ఫలితాలు. తరువాత అయిదు, పది, యాభై, నూరు. నిర్ణయం చేసేది ఒక్కసారే, పందెం మాత్రం అన్ని రెట్లు. ఇదొక విచిత్రమైన రూపకల్పన. పురుషకారం స్థిరంగా ఉంటే దైవం గుణింతమవుతుంది.

4. షుల్ గ్రంథం – బలం, పరిమితి:

2012లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ప్రచురించిన ‘అడిక్షన్ బై డిజైన్’ గ్రంథం లాస్ వెగాస్‌లో మానవశాస్త్రవేత్త నటాషా డౌ షుల్ ఏళ్ల తరబడి చేసిన క్షేత్రపరిశోధన ఫలితం. పర్యాటకుల జోలికి పోకుండా ఆ నగరంలోనే నివసించే ఉద్యోగులు, గృహిణులు ఆడే యంత్రాలను ఆమె ఎంచుకుంది. వారిలో వీడియో పోకర్ ఆడేవారే అధికం. గ్రంథారంభంలో కనిపించే మోలీ అనే మారుపేరు గల స్త్రీ గెలవడానికి ఆడడం లేదు, ఆడుతూ ఉండడానికి ఆడుతోంది. కాలం, స్థలం, తాను అనే స్పృహ కరిగిపోయే ఆ స్థితిని ఆటగాళ్ల మాటలలోనే షుల్ ‘మెషిన్ జోన్’ అంది. ‘యంత్రమండలం’ అని తెలుగు చేసుకోవచ్చు. ఆ మండలంలో ఉన్నవారికి పెద్ద గెలుపు కూడా విఘాతమే. ఆట ఆగిపోతుంది కదా. మరోవైపు పరిశ్రమ కొలిచేది యంత్రం ముందు గడిచిన సమయాన్ని. ఆటగాడి కోరికా యజమాని కోరికా ఒకే గడియారం మీద కలిసినట్టు కనిపించడం, ఆ కలయికలో ఒకడు మాత్రమే హరించుకుపోవడం – ఈ అసమానతను నిరూపించడం గ్రంథానికి ప్రాణం.

ఈ సిద్ధాంతానికి పూర్వరంగం ఉంది. ఇర్వింగ్ గాఫ్‌మన్ 1967లో జూదాన్ని శీలపరీక్షగా వర్ణించాడు. క్లిఫర్డ్ గీర్ట్జ్ 1972లో బాలిద్వీపపు కోడిపందేలలో పరువు ప్రతిష్ఠల పోరును చదివాడు. రెండింటికీ సభ అవసరం. గోదావరి జిల్లాల సంక్రాంతి బరులను ఎరిగినవారికి గీర్ట్జ్ వ్యాసం వెంటనే బోధపడుతుంది. మోలీ ముందు అది మూగబోతుంది. ఆమెకు నిలుపుకోవలసిన పరువు లేదు, చూసేవారు లేరు. రోజే కైవా చేసిన విభజనలో పోకర్ పోటీకి, అదృష్టానికి మధ్య నిలిచే ఆట. వీడియో పోకర్ వాటిని దాటి అతడు చెప్పిన నాలుగో కోవలోకి, గిరగిర తిరిగినప్పుడు కలిగే మైకం కోవలోకి జారింది. వాల్టర్ బెన్యమిన్ బోదలేర్‌పై రాసిన వ్యాసంలో జూదరి చేతికదలికను కర్మాగార శ్రామికుడి కదలికతో పోల్చాడు. ముందరి పనితో తరువాతి పనికి సంబంధం లేకపోవడం రెండింటి లక్షణం. ఆ పోలిక రాసేనాటికి వీడియో పోకర్ లేదు. అయినా ఆ ఆటకు అంతకంటె సరిపోయే వర్ణన దొరకదు.

షుల్ చేసిన అసలైన మేలు వ్యసనం అనే మాటకు సంబంధించినది. సప్తవ్యసనాల జాబితా దోషాన్ని మనిషిలో చూస్తుంది. ఆధునిక వైద్యభాష కూడా స్థలం మార్చిందే గాని మనిషిని వదలలేదు, శీలదోషం మెదడుదోషమైంది. షుల్ దోషాన్ని మనిషికీ యంత్రానికీ నడుమ ఉన్న సంబంధంలో చూసింది. సంస్కృతంలో వ్యసనమంటే ఆపద అనే అర్థం కూడా ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణం రాజ్యానికి వచ్చే ఆపదలన్నింటినీ ఆ పేరుతోనే చర్చించింది. దుర్గుణం అనే రూఢ్యర్థం పక్కన మరుగుపడిన ఈ పాత అర్థాన్ని తిరిగి లేవనెత్తడానికి షుల్ గ్రంథం తెలుగు విమర్శకు ఒక సందు ఇస్తుంది. వ్యసనం ఒకడు చేసేది మాత్రమే కాదు, ఒకడి మీద పడేది కూడా.

పరిమితి లేకపోలేదు. మండలంలో మునిగినవారికి ఇచ్చిన చోటు పట్టిక చదివేవారికి ఈ గ్రంథంలో దక్కలేదు. రాత్రంతా కూర్చుని 32 మార్గాలలో మేలైనదాన్ని వెదికే లెక్కరి కూడా ఈ ఆట సృష్టే. అతణ్ని కూడా మండలం మింగిందా, లేక అతడు మండలాన్ని వాడుకున్నాడా? ఎంపిక అనేది ఆటగాణ్ని మరింత లోతుగా ఇరికించే సాధనమన్న షుల్ వాదన చాలావరకు ఒప్పుకోదగినదే. కాని 95 శాతపు పట్టిక ముందు నుంచి లేచి వెళ్లిపోవడం కూడా ఎంపికే, అది యంత్రం ఇచ్చినది కాదు, చదువు ఇచ్చినది. ఈ చదువరిని వదిలేస్తే ఆటగాడంటే కేవలం బాధితుడన్న చిత్రం మిగులుతుంది. యుధిష్ఠిరుడికి కూడా నన్నయ అంత సులువైన విముక్తి ఇవ్వలేదు.

లెక్కరి సంగతి ఎంత చిక్కయినదో ‘గేమ్ కింగ్’ యంత్రం ఉదంతం తెలుపుతుంది. 2009లో లాస్ వెగాస్‌లో ఒక ఆటగాడు ఈ యంత్రపు సాఫ్ట్‌వేర్‌లో లోపం కనిపెట్టాడు. కొన్ని మీటలను ఒక వరుసలో నొక్కితే పాత గెలుపును పెద్ద పందెం లెక్కన తిరిగి పొందవచ్చు. అతడూ అతని మిత్రుడూ యంత్రాన్ని విప్పలేదు, అందరికీ అందుబాటులో ఉన్న మీటలనే నొక్కారు. ప్రభుత్వం కంప్యూటరు మోసం కింద కేసు పెట్టింది. 2013లో ఆ అభియోగాలను ఉపసంహరించుకుంది. 50 ముక్కల పేక పెట్టడం వ్యాపారం, యంత్రం తప్పును వాడుకోవడం మోసం అన్న తర్కం ఆ న్యాయస్థానంలో నిలవలేదు. ఇక్కడ ఒక్కసారి యంత్రం వెనుక ఉన్న ఎదుటివాడు బయటకు వచ్చాడు, అది కూడా ఓడినప్పుడు మాత్రమే.

5. నైపుణ్యం – న్యాయభావనగా:

అమెరికాలో ఈ ఆట భవితవ్యం చాలాచోట్ల చట్టపు సందుల మీదనే ఆధారపడింది. దక్షిణ కరొలైనా రాష్ట్రంలో అలాంటి సందులోంచి ముప్పై వేలకు పైగా యంత్రాలు దుకాణాలలోకి, పెట్రోలు బంకులలోకి వ్యాపించాయి. 2000 జులై 1న అవన్నీ చట్టవిరుద్ధమయ్యాయి.

తెలుగు నేలకు ఈ చర్చతో ఉన్న ముడి యంత్రం ద్వారా కాదు, నైపుణ్యం అనే మాట ద్వారా. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో 1967లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో జరిగిన రమ్మీ ఆటకు సంబంధించినది. రమ్మీని మూడుముక్కలాట నుంచి వేరుచేస్తూ న్యాయస్థానం నైపుణ్యాన్ని రెండు చోట్ల చూసింది. ఒకటి పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, రెండు ఏ ముక్క ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం. అర్ధశతాబ్దం పాటు దేశంలోని రమ్మీ వ్యాపారమంతా ఈ వాక్యాల నీడలోనే పెరిగింది.

ఈ గీటురాయి మీద వీడియో పోకర్‌ను పెడితే ఒక విడ్డూరం బయటపడుతుంది. ఉంచడం, వదలడం అనే రెండో లక్షణం ఆ ఆటకు సర్వస్వం. గుర్తుంచుకోవడం అనే మొదటి లక్షణం శూన్యం, ఎందుకంటే ప్రతి ఆటకూ కొత్త పేక. సగం నైపుణ్యం ఉన్న ఆటను ఏమనాలి? లెక్క తెలిసినవాడికీ తెలియనివాడికీ ఫలితంలో తేడా ఉంది కనుక నైపుణ్యక్రీడ అనవచ్చు. లెక్క తెలిసినవాడు కూడా చాలా పట్టికల మీద ఓడడమే ఖాయం కనుక జూదం అనవచ్చు. రెండూ నిజమే కావడం వర్గీకరణ లోపాన్ని చూపుతుంది. నైపుణ్యమూ అదృష్టమూ ఎంతెంత అని తూచే త్రాసులో ఇంటి యజమాని వాటాకు పళ్లెం లేదు.

నిజానికి 1967 తీర్పులో ఆ పళ్లెం ఉంది. క్లబ్బు యజమాని రమ్మీ ఆట మీద లాభం గడిస్తున్నాడని రుజువైతే నేరం కావచ్చునని న్యాయస్థానం అదే తీర్పులో చెప్పింది. తరువాతి వాదప్రతివాదాలలో మొదటి భాగం పదేపదే ఉటంకింపుకు వచ్చింది, రెండో భాగం వెనుకబడింది. కౌటిల్యుడు ద్యూతాధ్యక్షుణ్ని నియమించినప్పుడు గెలుపులో నూటికి అయిదు వంతులు వసూలు చేయమన్నాడు. ఆటలో నైపుణ్యం ఎంత అని అతడు అడగలేదు. ఇంటివాడికి ఎంత, పాచికలు ఎవరివి అన్నవే అతని ప్రశ్నలు. పట్టిక చదివినవాడు వీడియో పోకర్‌ను అడగవలసిన ప్రశ్నలు కూడా అవే.

2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ జూద నిరోధక చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నైపుణ్యమా అదృష్టమా అన్న తేడాతో నిమిత్తం లేకుండా ఒకే కోవలో చేర్చింది. నైపుణ్యం అనే గీటురాయిని శాసనం ఇలా పక్కన పెట్టింది గాని దాని స్థానంలో ఇంటి వాటాను, ఆట వేగాన్ని, పట్టిక పారదర్శకతను కొలిచే గీటురాయిని పెట్టలేదు. ఫోనులో ఆడే రమ్మీలో ఎదుటివాడు ఒక పేరుగా, ఒక బొమ్మగా మిగిలాడు. పణం ఒక అంకెగా మారింది. సభ లేదు. వీడియో పోకర్ ముప్పై నలభై ఏళ్లలో నడిచిన దారిని ఆ ఆట పదేళ్లలో నడిచింది. ఆ దారిలో కుంగిపోయిన కుటుంబాలను తెలుగు కథ ఇంకా అక్షసూక్తం చూసినంత దగ్గరగా చూడలేదు. వచ్చిన కథలు ఎక్కువగా అప్పు దగ్గర, ఆత్మహత్య దగ్గర మొదలవుతున్నాయి. తెర ముందు గడిచిన ఆ గంటలలో మనిషికి ఏమవుతుందో, గెలిచిన క్షణంలో కూడా అతడు ఎందుకు లేవడో అవి అడగడం లేదు.